డీకేటీ స్థలంలో ఇల్లు సగం ధరకే ఇస్తామంటున్నారు. కొనొచ్చా, వద్దా?

అద్దింటి గృహిణి, తిరుపతి

అందరికీ నమస్తే. పదకొండేళ్లుగా అద్దె ఇళ్లలోనే తిరుగుతున్నాం. ఊరి అంచున 25 అంకణాల్లో కట్టిన డాబా ఇల్లు 22 లక్షలకు ఇస్తామంటున్నారు. మన తిరుపతి లెక్కలో అంకణం అంటే 36 చదరపు అడుగులే కాబట్టి అంతా కలిపి 900 అడుగుల స్థలం. రోడ్డుకు అవతల అలాంటి ఇల్లే 45 లక్షలు. తేడా ఎందుకంటే ఇది డీకేటీ, అంటే ఎప్పుడో ప్రభుత్వం పట్టా ఇచ్చిన స్థలమట. రిజిస్ట్రేషన్ ఉండదట, స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాసి నోటరీ చేయిస్తారట. ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరు, కొళాయి అన్నీ ఉన్నాయి. ఆ వీధి నిండా ఇళ్లే. శుక్రవారం లోపు రెండు లక్షలు అడ్వాన్సు అడుగుతున్నారు. మా ఆయన కొందామంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

రేణిగుంట రోడ్డు అన్న

కొనండి అక్కా. మా నాన్న 1994లో ఇలాంటి స్థలమే కొన్నాడు. ఆయన సంపాదనకు రిజిస్ట్రేషన్ స్థలం అందేది కాదు. మా చదువులు, చెల్లెలి పెళ్లి అన్నీ ఆ ఇంట్లోనే జరిగాయి. ఇన్నేళ్లలో ఒక్క అధికారి కూడా మా గడప తొక్కలేదు. వందల ఇళ్లను కూల్చే పని ఏ ప్రభుత్వమూ పెట్టుకోదు. ఎప్పుడో ఒకప్పుడు రెగ్యులరైజ్ చేసి, ఉంటున్న వాళ్లకే హక్కు ఇస్తారు. తిరుపతిలో మఠం భూముల్లో కట్టుకున్న వాళ్లు ఎంతమంది లేరు? కాగితం పక్కాగా ఉండాలని కూర్చుంటే మనలాంటి వాళ్లు జన్మంతా అద్దె కడుతూనే ఉండాలి.

పెరూరు పెద్దాయన (డాక్యుమెంట్ రైటర్‌గా చేసి మానేశాను)

అమ్మా, ముందు డీకేటీ అంటే ఏమిటో తెలుసుకో. దరఖాస్తు పట్టా. భూమి లేని పేదవాడు దరఖాస్తు పెట్టుకుంటే ప్రభుత్వం ఇచ్చిన భూమి అది. సాగు చేసుకోవచ్చు, ఉండొచ్చు, పిల్లలకు ఇవ్వొచ్చు. అమ్మడానికి మాత్రం లేదు. పేదవాడి అవసరం చూసి డబ్బున్నవాడు లాక్కోకూడదని 1977లో చట్టం చేశారు. దాన్ని మీరి కొన్నవాడికి ఏ హక్కూ రాదు. అలాంటి సర్వే నంబర్లను 22-ఏ నిషేధిత జాబితాలో పెడతారు, అందుకే సబ్ రిజిస్ట్రార్ ముట్టుకోడు. నోటరీ అంటే సంతకం పెట్టింది ఫలానా వ్యక్తే అనడానికి సాక్ష్యం, అంతే. అగ్రిమెంటు, జీపీఏ (నా తరఫున నువ్వు చూసుకో అని రాసిచ్చే అధికార పత్రం) కాగితాలతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. పన్ను రసీదు, కరెంటు బిల్లు నువ్వు అక్కడ ఉంటున్నావని చెబుతాయి, ఆ నేల నీదని చెప్పవు.

రేణిగుంట రోడ్డు అబ్బాయి చెప్పిన దాంట్లోనూ నిజం ఉంది. బుల్డోజర్ రాకపోవచ్చు. నాకు భయం దాని గురించి కాదు, పట్టాదారు మనవడి గురించి. 2023లో చట్టం సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన సాగు భూమి మీద అమ్ముకునే హక్కు ఇచ్చారు. ఎవరికి? అసలు పట్టాదారుకు, ఆయన వారసులకు. చేతులు మారి వచ్చి నోటరీ కాగితంతో కొన్న నీకు కాదు. 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లనూ ఆపి విచారణకు పెట్టారు. రెగ్యులరైజ్ చేస్తారని ఎదురుచూస్తున్నాం కదా, ఆ రోజు వస్తే తలుపు తట్టేది ఆ మనవడే.

చిత్తూరు కోడలు

సార్ చెప్పింది మా అత్తగారింట్లో జరిగింది. 2006లో మామయ్య ఇలాగే కొన్నారు. అమ్మిన ఆయన కూడా వేరే వాళ్ల దగ్గర అగ్రిమెంటుతో కొన్నవాడే. నేల ధర పెరిగాక అసలు పట్టాదారు కొడుకులు వచ్చారు, ‘మా నాన్న వేలిముద్ర వేశాడు, మేం వేయలేదు’ అన్నారు. మామయ్య రెండోసారి డబ్బు కట్టారు. అప్పుడూ నోటరీయే. ఊళ్లో ఎవరైనా ‘ఇల్లు సొంతమేనా?’ అని అడిగితే మా అత్తమ్మ ఇప్పటికీ నోరు విప్పదు.

రేణిగుంట రోడ్డు అన్న

బాధగానే ఉందమ్మా. కానీ 45 లక్షలు ఎవరు తెచ్చిస్తారు? సలహా చెప్పేవాళ్లు ఆ దారి కూడా చూపించాలి.

లోన్ సెక్షన్ ఉద్యోగి

న్యాయమైన ప్రశ్న. లెక్క చూద్దాం. ఆ డాబాకు బ్యాంకు గృహరుణం ఇవ్వదు, తాకట్టు పెట్టడానికి దస్తావేజే లేదు కదా. 22 లక్షలూ చేతి నుంచే రావాలి. అంటే బంగారం, చీటీ, పర్సనల్ లోన్. చవక ఇంటిని ఖరీదైన అప్పుతో కొన్నట్టు. పైగా రేపు పిల్లల చదువుకు అవసరమై అమ్మాలన్నా, మీలాగే మొత్తం నగదు పెట్టగలిగే మనిషి దొరకాలి.

45 లక్షల ఇంటికి 80 శాతం, అంటే 36 లక్షలు రుణం వస్తుంది. మిగతా 9 లక్షలకు తోడు రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లయితే ఈఎంఐ 31 వేలు దాటుతుంది. భారమే, కాదనను. కానీ 30 లక్షల్లో పాత ఫ్లాటు చూస్తే? 30 లక్షల లోపు రుణాలకు 90 శాతం దాకా ఇవ్వడానికి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. 27 లక్షల రుణం, ఈఎంఐ సుమారు 23,400. చేతి నుంచి 3 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు రెండుంబావు. జీతాన్ని బట్టి రుణం తగ్గొచ్చు, అయినా 22 లక్షల నగదు కంటే ఇది అందే దూరంలోనే ఉంది. రుణం ఇచ్చే ముందు బ్యాంకు లాయరు కాగితాలు చూస్తాడు. అది వాళ్ల కోసమే అయినా మీకూ పనికొస్తుంది.

తిరుచానూరు వాసి

ఒక్క మాట. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, స్వర్ణముఖి పొంగి ఊరంతా అల్లాడింది. ఆ సర్వే నంబరు చెరువు పోరంబోకో వాగు పోరంబోకో (చెరువుకో వాగుకో చెందిన ప్రభుత్వ నేల) అయితే ఎవరెన్ని చెప్పినా వదిలేయండి. అక్కడికి నీళ్లు మళ్లీ వస్తాయి.

అద్దింటి గృహిణి

అందరికీ దండాలు. నిన్న ఇల్లు అమ్ముతున్న ఆయన్ని అసలు పట్టా చూపించమన్నాను. జెరాక్స్ చూపించాడు. పట్టా ఇంకెవరి పేరునో ఉంది, ఆయన చనిపోయి చాలా కాలమైందట. నలుగురు వారసులు. ముగ్గురు సంతకం పెడతారట, నాలుగో ఆయన బెంగళూరులో ఉన్నాడట, ‘అతనితో ఇబ్బంది ఉండదులే’ అన్నాడు. మా ఆయన అప్పటిదాకా ఒప్పుకోలేదు గానీ ఆ మాట విన్నాక ఆయనే ‘పద, పోదాం’ అని లేచారు. అడ్వాన్సు ఇవ్వలేదు. ఆదివారం ఎం.ఆర్.పల్లి వైపు ఒక పాత ఫ్లాటు చూడబోతున్నాం. అక్కడ ఏం అడగాలి సార్?

పెరూరు పెద్దాయన

30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే రిజిస్ట్రార్ ఆఫీసు కాగితం), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), మంజూరైన ప్లాను, ఫ్లాటుతో పాటు నీ పేరున వచ్చే స్థలం వాటా ఎంతో అడుగు తల్లీ. మెట్లెక్కుతూ అంతస్తులు లెక్కపెట్టుకో. ప్లానులో నాలుగే ఉండి అక్కడ ఐదుంటే, నీకు చూపిస్తున్న ఫ్లాటు ఆ ఐదో దాంట్లోదేమో చూడు. కాగితాలు తెచ్చుకుంటే సోమవారం నేను చదివి పెడతాను.