శ్రీలంకకు ఏ సెలవుల్లో పోతే మేలు? ట్రింకోమలీ, నువరెలియా రెండూ చూడాలి

అలిపిరి_వాసి:
తిరుపతి నుంచి ఐదుగురం. మా అమ్మకు అరవై దాటాయి, పిల్లలిద్దరూ బడికి పోయేవాళ్లు. చెన్నైలో విమానమెక్కి కొలంబో, అక్కడ వారం రోజులు. అమ్మకు ట్రింకోమలీలో కోణేశ్వరం, శాంకరీ దేవి దర్శనం కావాలి. పిల్లలకు సిగిరియా రాతికోట, నువరెలియా కొండల్లో రైలు, సముద్రం. దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవుల్లో ఏవి మేలు? ఎక్కడ చూసినా డిసెంబరు నుంచి మార్చి మంచి కాలం అంటున్నారు. ట్రింకోకి కూడా అంతేనా?

పుత్తూరు_రూటు:
కాదన్నా. ఆ మాట పడమర, దక్షిణ తీరాల్లోని కొలంబో, గాలె, మిరిస్సా వైపుకే. ట్రింకో తూర్పు తీరంలో ఉంది. లంక నడుమ కొండలున్నాయి. మే చివర నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి తన తేమంతా పడమటి వాలు మీదే కురిసేసి, తూర్పుకు వట్టి గాలిగా దిగుతుంది. ఈశాన్య రుతుపవనాలప్పుడు తడిసేది తూర్పు. కార్తీకంలో మనకు పట్టే ముసురే ట్రింకోకీ పడుతుంది. నవంబరు, డిసెంబరుల్లో అక్కడ గట్టి వానలు, సంక్రాంతికి కూడా పూర్తిగా తెరిపి ఇవ్వవు. సముద్రం పోటు మీద ఉంటుంది, ట్రింకో దగ్గరి నీలావెలి బీచ్‌లో పిల్లల్ని నీళ్లలోకి దించలేరు.

ట్రింకో తప్పనిసరి అయితే ఎండాకాలం సెలవులే. అదీ ఏప్రిల్ చివర నుంచి మే 15 లోపు. మే చివరి వారానికి నైరుతి లంకను తాకుతుంది. ఆలోపు క్యాండీ, కొలంబో వైపు మధ్యాహ్నం దాటాక ఉరుముల వానలుంటాయి కాబట్టి చూసేవన్నీ పొద్దున పెట్టుకుని, కారు ప్రయాణం మధ్యాహ్నానికి ఉంచండి. వెసాక్ పౌర్ణమి, అంటే అక్కడి బుద్ధ పూర్ణిమ పండగ, ఏ తేదీన పడుతుందో చూసుకోండి. అప్పుడు మద్యం, మాంసం అమ్మరు, మనకు దాంతో ఇబ్బంది లేదుగానీ గదులే దొరకవు.

కాణిపాకం_కాఫీ:
వానల లెక్క సరే, ఎండ సంగతి వదిలేశారే. సిగిరియాకు 1,200 మెట్లు, రాయి దాదాపు 200 మీటర్లు. అలిపిరి మెట్లలాగా పైకప్పు ఉండదు. మేలో ఎనిమిదిన్నర దాటాక పెద్దవాళ్లను ఎక్కించడం మంచిది కాదు. ముందు రాత్రి దగ్గర్లోనే దిగి, గేటు తెరవగానే టికెట్టు తీసుకోండి. అమ్మగారు కింది తోటల్లో కూర్చుంటే చాలు. కోణేశ్వరం కూడా ఫోర్ట్ ఫ్రెడరిక్ లోపలినుంచి ఎక్కుడు దారి, చెప్పులు విడిచాక పగటిపూట నేల చురుక్కుమంటుంది.

నన్నడిగితే ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి అన్నిటికన్నా మేలు, రెండు తీరాలూ పొడిగా ఉంటాయి. పరీక్షల వల్ల మీకు కుదరదు, తెలుసు. సంక్రాంతికే పోవాలంటే ట్రింకో మానేసి గాలె, మిరిస్సా పెట్టుకోండి, అప్పుడు అక్కడ తిమింగలాలు కనిపించే కాలం.

మిన్నేరియా_పిచ్చి:
దసరాను ఒక్కమాటలో కొట్టేయకండి. అది సెప్టెంబరు చివర పడిన ఏడాది తూర్పు ఇంకా పొడిగానే ఉంటుంది. సిగిరియా దగ్గరి మిన్నేరియా చెరువు తగ్గి, బయటపడిన నేలలో పచ్చిక మొలుస్తుంది, దానికోసం ఏనుగులు గుంపులుగా దిగుతాయి. ఆగస్టు, సెప్టెంబరు దానికి మంచి అదను. 2026లో లాగా పండగ అక్టోబరు 20కి జరిగితే మాత్రం వద్దు. అప్పటికి రెండు వైపులా సాయంత్రం వానలు, కొండల్లో చరియలు విరిగే భయం, ఆపైన బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2025 నవంబరు చివర దిత్వా తుపానుకు కొండ రైలు మార్గమే దెబ్బతింది. టికెట్టు కొనేముందు రైలు ఏ స్టేషన్ల మధ్య నడుస్తోందో కనుక్కోండి.

అలిపిరి_వాసి:
సరే, మే మొదటి వారం అనుకుంటున్నా. ఏ వరసలో తిరగాలి? నువరెలియాకు స్వెటర్లు కావాలా?

పుత్తూరు_రూటు:
కొలంబోలో దిగి నేరుగా సిగిరియా, రెండు రాత్రులు. అక్కడినుంచి ట్రింకో రెండు రెండున్నర గంటలు, అక్కడా రెండు రాత్రులు. తర్వాత క్యాండీ ఒకటి, నువరెలియా ఒకటి, తిరిగి కొలంబో. వాన మొదలయ్యే వైపును చివరికి పెట్టకూడదనిపిస్తుంది గానీ, అమ్మకు ముఖ్యమైన దర్శనం ముందే అయిపోతే తర్వాత కొండల్లో ఒకరోజు తడిసినా నష్టం లేదు. రైలు టికెట్టు నాను ఓయకు తీసుకోండి, నువరెలియా ఊళ్లో స్టేషను లేదు. రిజర్వేషను సీట్లు త్వరగా అయిపోతాయి.

స్వెటర్లు కావాలి. హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లయితే నువరెలియా 1,868. మేలో కూడా రాత్రి చలే, పైగా మంచు కమ్ముతుంది. గొడుగులకన్నా రెయిన్‌కోట్లు నయం, గాలికి గొడుగు నిలవదు.