"సోదిలో కూడా లేడు": ఈ సోది ఏ సోది?

"సోది ఆపరా", "సినిమా రెండో సగమంతా సోది", "పోటీలో వాడు సోదిలో కూడా లేడు". ఈ మూడింట్లో ఉన్నది ఒకటే మాటా? మొదటి రెంటికీ విసుగు పుట్టించే వాగుడు అనే అర్థం సరిపోతుంది. మూడోదానికి అదే పెడితే వాక్యం నిలబడదు. వాగుడులో లేకపోవడమేమిటి? తెలిసినవాళ్లు చెప్పండి.

— ఒకటే మాటండీ. మూడోదాన్ని పట్టుకుంటే మిగతా రెండూ వాటంతటవే విడిపోతాయి. సోది అంటే ఎరుక చెప్పడం. నిఘంటువుల్లో సోదె అనీ ఉంటుంది. చెప్పే ఆవిడ సోదెకత్తె, జనం నోట సోదమ్మ. "సోది చెబుతానమ్మా సోది" అంటూ వచ్చి, చాటలో బియ్యం పోయించుకుని, కంచి కామాక్షినీ మధుర మీనాక్షినీ బెజవాడ కనకదుర్గనూ తలుచుకుని అందుకునేది. జరగబోయేది చెప్పడం ఒక్కటే కాదు, ఆ ఇంట్లో పోయినవాళ్లు ఆవిడ నోట పలుకుతారని నమ్మకం. తాతో మేనత్తో "సోదిలోకి వచ్చి" ఫలానా మొక్కు తీర్చలేదనీ, ఫలానావాళ్లు తమ ఉసురు పోసుకున్నారనీ చెప్పేవాళ్లు. "సోదికి పోతే పాత బాగోతాలు బయటపడ్డట్టు" అన్న సామెత అందుకే పుట్టింది. ఇక అంతమంది పలికినా ఒకడి ఊసే రాలేదంటే? వాడు సోదిలో లేడు! ఓట్ల లెక్కింపు రోజు డిపాజిట్ పోగొట్టుకున్నవాణ్ణి అనే మాట అక్కడిదేనని నా నమ్మకం.

విసుగు సంగతి తేలికే. అదే రాగం, అవే మాటలు, అవతలివాళ్లు ఊ కొడుతూ కూర్చోవాలి.

— మాస్టారూ, "నా సొద ఎవరు వింటారు" అంటాం కదా. దాన్నుంచి రాలేదంటారా?

— సొద వేరు. పాత కావ్యాల్లో సొద అంటే చితి, సొద చొచ్చడమంటే చితిలో దూకడం. ఇవాళ్టి వాడుకలో గోడు. వినేవాడికి విసుగొచ్చినా చెప్పేవాడికి లోపల మంట ఉంటుంది. సోదికి ఆ మంట అక్కర్లేదు. ధ్వని దగ్గరగా ఉంది కాబట్టి ఒకదాని నీడ ఇంకోదానిమీద పడి ఉండొచ్చు, కాదనను. పోలీసుల సోదాతో చుట్టరికం కలిపేవాళ్లూ ఉన్నారు. దాచిన గుట్టు బయటికి లాగడం రెంట్లోనూ ఉంది, నిజమే. అర్థం కుదిరిందని వ్యుత్పత్తి కుదిరినట్టేనా?

— మరి సుత్తో? రెండూ ఒకటేగా!

— దాదాపు. సుత్తి 1982లో వచ్చిన సినిమా "నాలుగు స్తంభాలాట"తో ఊరూరా పాకింది. హాస్యనటులు వీరభద్రరావు, వేలు ఇద్దరికీ ఇంటిపేరై కూర్చుంది కూడా. కానీ క్రియలు చూడండి: సుత్తి కొడతారు, సోది చెబుతారు. కొట్టడానికి ఎదురుగా ఒక తలకాయ ఉండాలి. సోది కాగితమ్మీద ఉన్నా సోదే. "వాడు సుత్తిలో లేడు" అని ఎవరైనా అనగా విన్నారా?