అనాహత చక్రం ఆకుపచ్చా, ఎరుపా?

కృష్ణలంక_కుర్రాడు:
మా వీధి చివర యోగా క్లాసులో ఈ ఆదివారం "హార్ట్ చక్ర" (గుండె దగ్గర ఉంటుందనే అనాహత చక్రం) సెషన్ పెడుతున్నారు. మామూలు ఫీజు కాక 1,500 అదనం. ఆకుపచ్చ బట్టలు వేసుకుని రావాలట, పచ్చ లైటు మీద దృష్టి నిలిపి "యం" అనాలట. ఇంట్లో చెప్తే, రోజూ లలిత చదివే మా అమ్మమ్మ "ఆకుపచ్చ ఎక్కడిదిరా, శ్యామాభా కదా, నల్లని ఛాయ" అంది. నెట్‌లో ఏ బొమ్మ చూసినా పచ్చే. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతపుస్తకం:
డబ్బు కట్టకండి.

ఇవాళ చక్రాల గురించి చెప్పేవాళ్ళలో చాలామందికి, తెలిసినా తెలియకపోయినా, ఆధారం షట్చక్రనిరూపణం. బెంగాల్‌లో పూర్ణానంద యతి 1577లో రాసిన పెద్ద గ్రంథంలో ఆరో ప్రకరణం అది. కలకత్తా హైకోర్టు జడ్జి జాన్ వుడ్రఫ్, ఆర్థర్ అవలాన్ అన్న పేరుతో 1919లో ఇంగ్లీషులో వేశాక బయటి దేశాలకు పాకింది. అందులో హృదయ పద్మం బంధూక పుష్పంలా వెలుగుతుందని ఉంది. మన మంకెన పువ్వే, ఎర్రగా ఉంటుంది. పన్నెండు రేకులు, వాటి మీద క నుంచి ఠ వరకు అక్షరాలు, అవీ సిందూర వర్ణమే. నడుమ ఆరు కోణాల వాయుమండలం, పొగ రంగు. యం బీజానికి వాహనం నల్ల జింక. శివసంహిత కూడా ఎరుపే అంటుంది. మొత్తం వెతికినా ఆకుపచ్చ చుక్క కనపడదు.

ఇంద్రధనుస్సు రంగులను కింది నుంచి పైకి వరుసగా చక్రాలకు అతికించడం 1970ల్లో అమెరికాలో స్థిరపడిన పద్ధతి. అంతకుముందు 1927లో చక్రాల మీద పుస్తకం వేసిన థియసాఫిస్టు లెడ్‌బీటర్‌కు కూడా గుండె దగ్గర బంగారు రంగే కనిపించింది.

ఇంకో మాట. ఇవి గురుముఖంగా తప్ప ముట్టుకోకూడనివి. వీధి చివర లైటు వేసి నేర్పేవి కావు.

ఏడురాళ్ళు:
నేను ఆన్‌లైన్‌లో చక్రాల బ్రేస్‌లెట్ కొన్నాను. నాలుగో రాయి పచ్చ. రిటర్న్ గడువు దాటిపోయింది 🙁

శుక్రవారం_లలిత:
పాతపుస్తకం గారూ, ఒక్క పుస్తకం పట్టుకుని శాస్త్రమంతా అదే అంటే ఎలా? సహస్రనామంలో "అనాహతాబ్జనిలయా శ్యామాభా వదనద్వయా" అని స్పష్టంగా ఉంది. ఆ తల్లి రాకిని. రెండు ముఖాలు, రక్తధాతువులో నివాసం, నేతి అన్నం ప్రీతి. మీ పూర్ణానందుల వారేమో హృదయంలో కాకినిని కూర్చోబెట్టారు. మాకు కాకిని ఉండేది హృదయానికి కిందనుండే స్వాధిష్ఠాన చక్రంలో. సౌందర్యలహరి తొమ్మిదో శ్లోకం తీయండి, మణిపూరంలో నీరు, స్వాధిష్ఠానంలో అగ్ని. మీ పుస్తకంలో అది తారుమారు. వాయువు హృదయంలో అన్న దగ్గర మాత్రం ఇద్దరూ కలుస్తారు. మరి దేన్ని తప్పంటారు?

పాతపుస్తకం:
శ్యామాభా అన్నది దేవత రంగు. అడిగింది పద్మం రంగు. రెండూ కలపకండి.

శుక్రవారం_లలిత:
దేవతను వదిలేసి పీట రంగు కోసం కొట్టుకుంటామా అండీ?

పాతపుస్తకం:
ప్రశ్న పీట గురించే.

హఠయోగి_కాదు:
పతంజలి అయితే "హృదయే చిత్తసంవిత్", అంటే హృదయం మీద నిలిపితే మనసు తెలుస్తుంది, అని ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్ళిపోయాడు. రేకుల లెక్కా లేదు, రంగూ లేదు.

వనజ_కె:
నేను అలాంటి క్లాసుకే వెళ్తున్నాను కాబట్టి చెప్తున్నా. మావారు పోయాక రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. పడుకుంటే ఛాతీలో ఏదో గడ్డకట్టినట్టు ఉండేది. మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఒకావిడ నేర్పుతారు. ముందు తుమ్మెదలా రొద చేసే భ్రామరి ప్రాణాయామం, తర్వాత ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని అక్కడ లేత ఆకుపచ్చ వెలుగు ఉన్నట్టు ఊహించుకుంటూ ఊపిరి నెమ్మదిగా వదలడం. మొదటి వారమే హాల్లో అందరి ముందూ భోరుమని ఏడ్చాను. ఎవరూ ఏమీ అనలేదు, నా పక్కనున్నావిడ చీర కొంగు అందించింది. ఆ రాత్రి నిద్ర పట్టింది. పుస్తకంలో ఎరుపని ఉంటే నాకు పట్టిన నిద్ర అబద్ధమా?

పాతపుస్తకం:
నిద్ర నిజమే. దానికి కారణం ఆకుపచ్చ అనడం అబద్ధం. ఊపిరి నెమ్మదిగా వదిలితే ఒళ్ళు కుదుటపడుతుంది, జీరో బల్బు చూస్తూ చేసినా పడుతుంది. దీన్ని అనాహతం అనకండి, రిలాక్సేషన్ అనండి, నాకు పేచీ లేదు. అక్కడ ఎంతమందిని ఏడిపిస్తే అంత బాగా క్లాసు జరిగిందని లెక్క.

ఏడురాళ్ళు:
సార్, కొంచెం మెల్లగా. ఆవిడ ఏం చెప్పారో చూసి రాయండి.

అరుణగిరి:
మీరంతా రంగు దగ్గర ఆగిపోయారు, అసలు చోటు సంగతి చూడండి. హృదయం ఛాతీ మధ్య నుంచి కుడివైపు రెండు వేళ్ళ దూరంలో ఉందని రమణ మహర్షి చెప్పారు. అది రక్తం తోడే గుండె కాదు, అనాహత చక్రమూ కాదు. శ్రీరమణగీత ఐదో అధ్యాయం చదవండి. దాన్ని శ్లోకాల్లో కూర్చింది మన బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని. మహర్షి మాటకు మించిన ప్రమాణం ఏముంటుంది?

పాతపుస్తకం:
మహర్షి చెప్పింది ఆత్మస్థానం గురించి, షట్చక్ర సాధన గురించి కాదు. చోటే కావాలంటే గుళ్ళో రోజూ వినే మంత్రపుష్పంలోనే ఉంది. తామర మొగ్గలా, తల కిందికి వాల్చి, కంఠానికి జానెడు దిగువన, నాభికి పైన. కుడి, ఎడమల ఊసే లేదు. రంగు విషయానికొస్తే, అందులో నడుమ వెలిగే శిఖ పసుపుపచ్చ, నివ్వరి ధాన్యపు ముల్లంత సన్నం. అక్కడా ఆకుపచ్చ లేదు, గమనించండి.

అరుణగిరి:
ఆత్మస్థానం కన్నా పెద్ద చక్రం ఇంకోటి ఉందా మీకు?

వనజ_కె:
పాతపుస్తకం గారూ, లలిత గారు దేవత గురించి అడిగితే ఆకుపచ్చ కాదన్నారు. ఈయన రమణుల మాట ఎత్తితే ఆకుపచ్చ లేదన్నారు. నేను మా ఆయన పోయారని రాస్తే దానికీ ఆకుపచ్చే జవాబు. ఏడవడాన్ని కూడా లెక్కలో వేశారు. ఆ రంగు మీకేం అన్యాయం చేసిందండీ?

పాతపుస్తకం:
చేసింది.

మా తమ్ముడు ఇలాంటిదే ఒక శిబిరానికి వెళ్ళాడు. ఊరు, పేరు వద్దు. హాలంతా పచ్చ తెరలు, పచ్చ లైట్లు. ఒక సాయంత్రం మోకాళ్ళ మీద నిలబడి వెనక్కి వంగే ఉష్ట్రాసనం వేయించి, వెంటనే కళ్ళు మూసుకోమన్నారు. వాడికి ఛాతీ మీద బండ పెట్టినట్టయింది, ఎడమ చెయ్యి లాగింది, చెమటలు కారిపోయాయి. లేచి చెప్తే, నడిపిస్తున్న ఆయన వాడి వీపు నిమిరి "అనాహతం తెరుచుకుంటోంది, ఆపకండి, ఏడుపొస్తే ఏడవండి" అన్నాడట. వాడు నమ్మాడు. రాత్రంతా అక్కడే చాప మీద పడుకున్నాడు. తెల్లారి బాత్‌రూమ్ దగ్గర పడిపోతే అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. స్టెంట్ వేశారు, ప్రాణం దక్కింది. కానీ గుండె పంపింగ్ పడిపోయింది. ఇప్పుడు ఒక్క అంతస్తు ఎక్కాలన్నా మధ్యలో ఆగుతాడు. వయసు 44.

ఆ శిబిరం వాళ్ళను అడిగితే కాగితం చూపించారు, "నా ఇష్టంతోనే పాల్గొంటున్నాను" అని వీడి సంతకం. అప్పుడే ఈ పుస్తకాలన్నీ తీశాను. వాళ్ళు చెప్పిన దాంట్లో ఒక్క ముక్కయినా ఎక్కడైనా ఉందా అని.

నైట్‌డ్యూటీ:
ఇన్నాళ్ళూ చదివి ఊరుకున్నాను, ఇప్పుడు రాయక తప్పదు. గుండె వార్డులో నర్సుని. ఛాతీ బరువు, చెయ్యి గానీ దవడ గానీ లాగడం, చెమటలు, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా ముందు 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీయించుకోండి. ఈసీజీ బాగున్నా, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ చూస్తే గానీ చెప్పలేం. ఆడవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో నొప్పి పెద్దగా లేకుండానే రావచ్చు. వీపులో మంట, వికారం, ఉత్త నీరసం. వాటిని గ్యాస్ అని సరిపెట్టుకుని తెల్లారాక వచ్చేవాళ్ళు మాకు మామూలే. రక్తనాళం మూసుకున్నాక ప్రతి నిమిషం కండరం చచ్చిపోతూనే ఉంటుంది. మీ పద్మం ఏ రంగైనా నాకు ఫర్వాలేదు.

శుక్రవారం_లలిత:
అయ్యో. తమ్ముడు గారు ఇప్పుడెలా ఉన్నారండీ? మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?

పాతపుస్తకం:
వేసుకుంటున్నాడు. ఉద్యోగం మారాడు.

వనజ_కె:
వినడానికే కష్టంగా ఉంది. అతను చేసింది మామూలు తప్పు కాదు, కేసు పెట్టాల్సింది. కానీ ఒక మాట అననివ్వండి. ఆ మనిషి ఎర్ర లైటు వేసి, మీ పూర్ణానందుల శ్లోకం స్వరంతో చదివి, అదే మాట చెప్పి ఉంటే? మీ తమ్ముడు ఇంకా ఎక్కువ నమ్మేవాడు.

మీరు మొదటి పోస్టులోనే రాశారు, గురుముఖంగా తప్ప ముట్టుకోకూడదని. నేను అడిగానండీ. మావారి సంవత్సరీకాలయ్యాక మా ఊళ్ళో పేరున్న ఒక పండితుణ్ణి అడిగాను, న్యాసంతో (మంత్రం చెప్తూ ఒంటి భాగాలను తాకుతూ) జపం నేర్పమని. నా నుదురు చూసి, "ఇప్పుడు నీకెందుకమ్మా ఇవన్నీ, రామనామం చేసుకో" అని పంపించేశారు. రామనామం తక్కువని కాదు. నేను అడిగింది అది కాదు. శాస్త్రం తెలిసినవాళ్ళు గుమ్మం దగ్గరే ఆపేశారు. ఏమీ తెలియని ఆ హాల్లో ఆవిడ చాప వేసి కూర్చోమంది. ఆవిడ దగ్గర ఉన్నది ఆకుపచ్చ బొమ్మ ఒక్కటే, అదే ఇచ్చింది.

పాతపుస్తకం:
నేను మిమ్మల్ని రావద్దనలేదు. గురువు కావాలన్నది రక్షణ కోసం. తెలిసినవాడు పక్కన ఉంటే మా వాడికి అలా జరిగేది కాదు.

వనజ_కె:
మీ తమ్ముడి పక్కన కూర్చుని వీపు నిమిరినాయనా తనను గురువుననే అనుకున్నాడు. ఆయనకు ఎదురు చెప్పకూడదని నేర్పిందెవరు? డాక్టర్ దగ్గరికి వెళ్తానని లేచి వెళ్ళిపోయే ధైర్యం మీ వాడికి ఎందుకు లేకపోయింది?

హఠయోగి_కాదు:
పచ్చా ఎరుపా అని తెరిచాను, ఇదెక్కడికో వెళ్ళింది.

శుక్రవారం_లలిత:
వనజ గారూ, మీకు ఇబ్బంది లేకపోతే మెసేజ్ పెట్టండి. మా ఇంట్లో శుక్రవారాలు సహస్రనామం చదువుతాం. మా దగ్గర నుదురు ఎవరూ చూడరు.

పాతపుస్తకం:
వనజ గారూ, ఒకటి చెప్పండి. మీ హాల్లో చేరేటప్పుడు బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నాయా అని అడిగారా? ఎవరికైనా ఛాతీలో నొప్పి వస్తే ఏం చేయాలో ఆవిడకు తెలుసా?

వనజ_కె:
అడగలేదు. తెలుసో లేదో నాకు తెలియదు. నైట్‌డ్యూటీ గారు రాసింది ప్రింట్ తీసి రేపు హాల్లో తలుపుకి అంటిస్తాను, ఆవిడతోనూ మాట్లాడతాను. ఆకుపచ్చ మాత్రం మానను.

పాతపుస్తకం:
అది మీ ఇష్టం. పద్మం ఎరుపే.