50 కౌబాయ్ సినిమాల డీవీడీ డబ్బా కొన్నాను, బొమ్మ ఇలా ఉందేటి?

పర్లాకిమిడి_బుల్లోడు

అందరికీ నమస్తే. మొన్న వైజాగ్ వెళ్ళినప్పుడు పాత సామాన్ల కొట్లో 50 వెస్టర్న్ సినిమాలు, 12 డిస్కులు అనీసి ఒక అట్టడబ్బా కనిపిస్తే బేరమాడి 400కి తెచ్చీసాను. నాన్నగారి కోసం. ఆయనకి గుర్రాలు, తుపాకుల సినిమాలంటే ప్రాణం, ఇంగ్లీషు ముక్క రాదు అది వేరే సంగతి, బొమ్మ చూస్తా కథ ఆయనే అల్లీసి మాకు చెప్పీస్తుంటారు.

ఇప్పుడు గోల ఏటంటే, డిస్కుకి రెండు వైపులా మెరుపే. పేరు లేదు, బొమ్మ లేదు, ఏ వైపు పెడితే ఏ సినిమా వస్తాదో తెలీదు. కౌబాయ్ హీరో జాన్ వేన్ మొహం అప్పడంలా సాగిపోయి వస్తంది. ఇంకోటి, మెక్‌లింటాక్ అని కలర్ సినిమా ఒకటుంది, అందులో ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకడి మొహం ఫుల్లు, రెండోవాడిది ముక్కు మాత్రమే. సబ్‌టైటిల్స్ కూడా లేవు. మోసపోయానా? టీవీ తప్పా, డిస్కు తప్పా?

బరంపురం_డిస్కుల_పిచ్చోడు

మోసపోలేదు బ్రదర్, 400కి 50 అంటే సినిమాకి ఎనిమిది రూపాయలు, ఆ డబ్బుకి టీ కూడా రాదు.

ముందు డిస్కు సంగతి. అది రెండు వైపులా సినిమాలున్న రకం, అందుకే లేబుల్ అతికించడానికి చోటు లేదు. మధ్య కన్నం చుట్టూ ప్లాస్టిక్ రింగు ఉంటాది కదా, లైటు కింద వంచి చూడు, చీమ తలకాయంత అక్షరాల్లో ఏ అనో బి అనో సినిమా పేర్లో ఉంటాయి. నేనైతే భూతద్దం పెట్టి చూసి కవరు మీద స్కెచ్ పెన్నుతో రాసుకున్నాను. బల్ల మీద మాత్రం పెట్టకు, ఏ వైపు పెట్టినా గీత పడీది సినిమా మీదే.

మొహాలు సాగడం టీవీ సెట్టింగే. 1930ల్లో, 40ల్లో తీసిన బొమ్మ దాదాపు చదరంగా ఉంటాది, దాన్ని నీ వెడల్పు టీవీ లాగి నింపేస్తంది. రిమోట్‌లో పిక్చర్ సైజ్ 4:3 పెట్టు. పక్కన నల్ల పట్టీలు వస్తాయి, రానీ.

ముక్కు గొడవ మాత్రం డిస్కుదే. 1963లో మెక్‌లింటాక్‌ని పేనావిజన్‌లో తీశారు, అంటే బొమ్మ ఎత్తుకి రెండింతల పైన వెడల్పు. చవక డబ్బాల వాళ్ళు పాత టీవీల కోసం రెండు పక్కలా కోసేసిన కాపీ వేసేస్తారు. కోసిన ముక్క మళ్ళీ రాదు, ఏ సెట్టింగు పెట్టినా.

ఇంత చవక ఎలా అంటే, అమెరికాలో 1964కి ముందొచ్చిన సినిమాలకి 28వ ఏట కాపీరైట్ రెన్యువల్ చేయించుకోవాల్సొచ్చీది, మర్చిపోతే సినిమా ఊరందరిదీ అయిపోయీది. మెక్‌లింటాక్‌కి అదే జరిగింది. ఎవడైనా అచ్చు గుద్దుకోవచ్చు, చేతికి దొరికిన ప్రింటే వాడతారు, దుమ్ము గీతలు సహా. దానికి తోడు ఒక్కో వైపు పట్టేది 4.7 జీబీ, రెండు మూడు సినిమాలు కుక్కితే గుర్రం పరిగెత్తినప్పుడల్లా బొమ్మ గళ్ళుగళ్ళుగా చెదిరిపోద్ది.

జైపూర్_కొండగాలి

ఇవన్నీ యూట్యూబ్‌లో ఫ్రీగా ఉన్నాయి కదరా బాబూ, 400 దండగ

పర్లాకిమిడి_బుల్లోడు

ఉన్నాయి అన్నా, కానీ మా వీధిలో వాన పడితే నెట్టు పోద్ది, నాన్నగారు ఫోన్ పట్టుకోరు. డిస్కయితే ఆయనే పెట్టుకుంటారు.

రాయగడ_మాస్టారు

బాబూ, నాకు డెబ్బై దాటాయి, నా మాట కూడా విను. మాకు కౌబాయ్ అంటే మొదట కృష్ణగారు. 1971లో మోసగాళ్ళకు మోసగాడు వచ్చింది, కె.ఎస్.ఆర్. దాస్ డైరెక్షన్, రాజస్థాన్ ఎడారిలో తీశారు, విజయనగరం పోయి రెండుసార్లు చూశాను, ఇంట్లో ఒకసారే చెప్పాను. ఆ తర్వాతే మెకన్నాస్ గోల్డ్, ఇటలీవాళ్ళ సినిమాలు చూడ్డం, ఓహో మనవాళ్ళు ఇక్కణ్ణించి పట్టుకొచ్చారా అని తెలిసింది. అంచేత నాన్నగారి రుచి నాకు తెలుసు.

ఆ డబ్బాలో కలర్ సినిమాల జోలికి ముందు పోకండి. జాన్ వేన్ కుర్రాడిగా ఉన్నప్పుడు, 1933 నుంచి 35 లోపు లోన్ స్టార్ అనే కంపెనీకి 16 చిన్న సినిమాలు చేశాడు, ఒక్కోటీ గంట లోపే. ఇలాంటి డబ్బాల్లో అవే ఎక్కువ. కథ ఏమీ ఉండదు, వచ్చాడు, కొట్టాడు, అమ్మాయితో నవ్వాడు, అయిపోయింది. కానీ యాకిమా కెనట్ అని ఒకాయన ఉంటాడు చూడండి, చాలావాటిల్లో విలన్ ఆయనే, జాన్ వేన్‌కి డూపూ ఆయనే. వైర్లు లేవు, కంప్యూటర్ లేదు, పరిగెత్తే గుర్రం మీంచి నిజంగానే దూకుతాడు. తర్వాత 1939లో స్టేజ్‌కోచ్ అనే సినిమాలో బండి లాగే గుర్రాల మీదకి దూకి, కింద పడి, బండి తన మీదుగా పోయేదాకా నేలకి కరుచుకుని ఉన్నదీ ఆయనే. ఇది చూడ్డానికి ఇంగ్లీషు ఎందుకు?

ఏంజెల్ అండ్ ది బ్యాడ్‌మేన్, 1947, ఉందేమో వెతకండి. దెబ్బతిన్న తుపాకీ వీరుణ్ణి క్వేకర్ల (హింస వద్దనే క్రైస్తవుల) ఇంట్లో చేర్చుకుంటారు, ఆ ఇంటి పిల్ల వాడి మనసు మారుస్తుంది. మన సినిమాల్లో వందసార్లు చూసిన కథే. అది మొదట్నించీ చదరం బొమ్మే, పక్కలు కోసే పని లేదు.

డెత్ రైడ్స్ ఎ హార్స్ కూడా ఉండొచ్చు, లీ వాన్ క్లీఫ్‌ది. కోసిన కాపీయే వస్తుంది, అయినా మోరికోనే సంగీతం కోసం పెట్టండి, కళ్ళు మూసుకున్నా పరవాలేదు.

బరంపురం_డిస్కుల_పిచ్చోడు

మాస్టారూ 🙏 కెనట్ సంగతి నాకు తెలీదు, ఈ రాత్రికే మళ్ళీ చూస్తాను. తమ్ముడూ, మెక్‌లింటాక్ నాన్నగారికి బాగా నచ్చితే మంచి ప్రింటు విడిగా వచ్చింది, అది కొను. అదీ మొగుడు పెళ్ళాం పొగరు దించే కథే, జమున పొగరు ఏఎన్నార్ దించే గుండమ్మ కథ ఎన్నిసార్లు చూసినా చాలదనే ఇల్లయితే ఆ డబ్బు దండగ కాదు.

పర్లాకిమిడి_బుల్లోడు

4:3 పెట్టాను, జాన్ వేన్ మళ్ళీ మనిషయ్యాడు! రింగు మీద అక్షరాలు అమ్మ సూదిలో దారం ఎక్కించే కళ్ళజోడుతో చదివాం.

నిన్న రాత్రి మెక్‌లింటాక్‌లో బురద గుంటలోకి ఒకళ్ళ మీద ఒకళ్ళు జారి పడీ కొట్లాట వచ్చింది, నాన్నగారు నవ్వి నవ్వి దగ్గొచ్చి మంచినీళ్ళు తాగి వెనక్కి తిప్పమన్నారు, మూడుసార్లు. సగం మనుషులు పక్కన కోసిపోయారు నాన్నా అంటే, పడినవాళ్ళు చాల్లేరా అన్నారు. ఇంకో దాంట్లో రైలు వస్తే మన నౌపడా చిన్న లైను బండి కూడా ఇలాగే ఊగీది అని మొదలెట్టారు, సినిమా అయిపోయింది గానీ ఆ కథ అవ్వలేదు.

కెనట్ ఎవరో రేపు చూపిస్తాను. ఏడో నంబరు డిస్కు బి వైపు మాత్రం ప్లేయర్ తీసుకోవట్లేదు, మెత్తటి గుడ్డతో తుడిచినా అంతే, ఏం చెయ్యాలి?

బరంపురం_డిస్కుల_పిచ్చోడు

గుండ్రంగా తుడవకు, మధ్యలోంచి అంచుకి నిలువుగా తుడువు. కాకపోతే వేరే ప్లేయర్‌లో పెట్టి చూడు, మా ఇంట్లో పాతది ఉంది, బరంపురం వచ్చినప్పుడు పట్టుకురా.