తొడిగారా, బిగించారా? ప్రొపెల్లర్‌ని మోటారుకి 'అటాచ్' చేయడాన్ని తెలుగులో ఏమనాలి

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. ఒక మాట విషయంలో మీ సాయం కావాలి.

మేం అమెరికాలో ఉంటాం. మా అమ్మాయి ఆరో తరగతి. వాళ్ళ స్కూల్లో పిల్లల చేత సీపెర్చ్ చేయిస్తున్నారు. నీళ్ళలో తిరిగే చిన్న రోబో అది. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో సముద్ర పరిశోధన విభాగమైన సీ గ్రాంట్ వాళ్ళు 2003లో మొదలుపెట్టారు. పీవీసీ పైపులతో చట్రం, మూడు చిన్న 12 వోల్టుల మోటార్లు, ఒడ్డున బ్యాటరీ, మధ్యలో పొడుగాటి వైరు. మోటారులోకి నీళ్ళు పోకుండా దాన్ని చిన్న డబ్బాలో పెట్టి చుట్టూ మైనం నింపుతారు. మోటారు తిప్పే సన్న కడ్డీ, అదే షాఫ్ట్, దాని కొస ఒక్కటే డబ్బా బయటికి వస్తుంది. లావు దాదాపు 2 మిల్లీమీటర్లు, అంతే. దానికి ప్రొపెల్లర్ పెట్టాలి.

'పెట్టాలి' అని రాశాను కదా, నా ఇబ్బందంతా అక్కడే. ఆదివారం తెలుగు క్లాసులో దీని గురించి పది వాక్యాలు చెప్పాలి. 'ప్రొపెల్లర్‌ని షాఫ్ట్‌కి అటాచ్ చేశాం' అని మా అమ్మాయి రాసుకుంది. 'అటాచ్' బదులు ఏం రాయమంటారు? 'జోడించాం' అంటే ఈమెయిల్‌కి ఫైలు జోడించినట్టుంది. 'అనుసంధానించాం' అంటే ఆధార్ కార్డు గుర్తొస్తోంది.

కాకినాడ నుంచి ఒక మాస్టారి జవాబు:
అమ్మా, ముందు ప్రొపెల్లర్ సంగతి చూద్దాం. దానికి 'చోదకం' అనే మాట ఉంది. చుద్ అనే సంస్కృత ధాతువుకి తోలడం, ముందుకు నెట్టడం అని అర్థం. రోజూ గాయత్రిలో 'ధియో యో నః ప్రచోదయాత్' అంటాం, అదే ధాతువు. లాటిన్‌లో ప్రొపెల్లర్‌కి మూలమైన మాటకీ ముందుకు నెట్టడమనే అర్థం. ఆ 'ప్రొ', మన 'ప్ర' అక్కాచెల్లెళ్ళు. షాఫ్ట్‌కి అచ్చ తెలుగులో 'ఇరుసు' ఉండనే ఉంది. 'ఇరుసున కందెన బెట్టక పరమేశ్వరు బండియైన బాఱదు' అని చిన్నప్పుడు వల్లించినదే కదా. 'ఇరుసుకు చోదకాన్ని అమర్చాం' అని రాయించండి.

నా జవాబు:
మాస్టారూ, ప్రచోదయాత్ సంగతి మా అమ్మాయికి చెప్తే కళ్ళు పెద్దవి చేసుకుని వింది. చాలా థాంక్సండీ. కానీ వాక్యంలో 'చోదకం' పెట్టలేకపోయాను. పేపర్లో 'వాహన చోదకులు' అంటే డ్రైవర్లే కదా, పిల్లకి అదే తడుతుంది. ప్రొపెల్లర్‌ని ప్రొపెల్లర్ అనే ఉంచి, దాని బ్లేడ్లని 'రెక్కలు' అన్నాం. ఫ్యాన్‌కి అనే మాటే కాబట్టి విన్నవాళ్ళందరికీ అర్థమవుతుంది.

'ఇరుసు' మాత్రం నాకు బాగా నచ్చింది. అదే ఉత్సాహంతో నాన్నకి వీడియో కాల్ చేశాను. మా నాన్నది భీమవరం పక్కన పల్లె. పాతికేళ్ళు రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు, అంటే నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు, బాగుచేశారు. ఆయన ఒప్పుకోలేదు. "ఎడ్లబండి ఇరుసు తిరగదమ్మా. అది బండికి కట్టేసి ఉంటుంది, చక్రం దాని మీద తిరుగుతుంది. చక్రం ఊడి రాకుండా చివర శీల పెడతారు. మీ దాన్లో కడ్డీయే తిరగాలి, దాంతోపాటు రెక్కలూ తిరగాలి. నువ్వు ఇరుసు అన్నావంటే రెక్కలు దాని మీద ఒట్టినే తిరగాలన్నమాట" అన్నారు.

అసలు మా రోబోకి వచ్చిన రోగమే అది! మొదటిసారి ప్రొపెల్లర్‌ని షాఫ్ట్ మీదికి నొక్కేసి ఊరుకున్నారు. బయట గాలిలో గిర్రున తిరిగింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. తొట్టిలో దించాక మోటారు చప్పుడు వస్తోంది, షాఫ్ట్ తిరుగుతోంది, రెక్కలు మాత్రం కదలవు. అంతే పరిమాణం గాలి కన్నా నీళ్ళు దాదాపు 800 రెట్లు బరువు. ఆ బరువుకి పట్టు జారిపోయింది. ఫోన్లో చూస్తున్న నాన్న వెంటనే, "ఏమ్మా బంగారం, ఉత్తినే తొడిగేశారా, బిగించారా?" అని అడిగారు. తనకి తేడా తెలియలేదు. నాకు తెలుసు, కానీ ఇదీ అని విడమర్చి ఎప్పుడూ చెప్పుకోలేదు.

అప్పటి నుంచి నాకు అదే ఆలోచన. ఇంగ్లీషులో అటాచ్ అని ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. మన క్రియలో ఆ అతుకు ఎలాంటిదో కూడా ఉంటుంది. ఉంగరం తొడుగుతాం, గాజులు తొడుగుతాం: మీది నుంచి ఎక్కుతుంది, కావాలంటే తీసేయొచ్చు. పారకి కామ దిగ్గొడతాం: ఒరిపిడి మీదే నిలబడుతుంది. మూత బిగిస్తాం: మర, అంటే స్క్రూకి ఉండే చుట్లు, ఉండాలి. విరిగిన బొమ్మ అతికిస్తాం: మధ్యలో జిగురు ఉండాలి. చిల్లు గిన్నెకి మాటు వేస్తాం: లోహం కరగాలి. నెట్‌లో ప్రొపెల్లర్ పెట్టే పద్ధతులు వెతికితే వరసగా ఇవే కనబడ్డాయి. కొందరు గట్టిగా దిగ్గొడుతున్నారు, కొందరు ఎపాక్సీ జిగురుతో అతికిస్తున్నారు, కొందరు సోల్డర్ చేస్తున్నారు, కొందరు స్క్రూతో బిగిస్తున్నారు.

వరంగల్ నుంచి ఒక తమ్ముడి జవాబు:
అక్కా, ఎపాక్సీ పెట్టుండ్రి, అయిపోతది. మేం కాలేజీల అట్లనే చేసినం. ఒక ముచ్చట: మర పోతే మా దిక్కు లేత్ షాపుల 'చూడీలు పోయినయ్' అంటరు. మీ దిక్కు ఏమంటరు?

నా జవాబు:
తమ్ముడూ, మా వైపు 'మర చచ్చింది' అంటారు. చూడీ అంటే హిందీలో గాజు కదా, మర చుట్లు నిజంగానే గాజుల వరసలా ఉంటాయి. ఎంత బాగుందో!

రెండో ప్రయత్నం ఎపాక్సీతోనే చేశారు. పొద్దున్నకి గట్టిపడింది కానీ చేత్తో లాగితే ప్రొపెల్లర్ ఊడి వచ్చేసింది. షాఫ్ట్‌కి మైనం అంటి ఉంది, జిడ్డు మీద జిగురు పట్టదు. స్పిరిట్‌తో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, అప్పుడు అతికించాల్సింది. ఇంకో మోటారుకి ఎపాక్సీ కారి, షాఫ్ట్ బయటికి వచ్చే కంతలోకి దిగిపోయింది. ఆ మోటారు ఇక తిరగనే లేదు. ఆ కంత దగ్గర ఉండాల్సింది జిగురు కాదు, కందెన. ఇక్కడ కందెన షాఫ్ట్‌ని తేలిగ్గా తిరగనిస్తుంది, నీటినీ ఆపుతుంది. మాస్టారు చెప్పిన పద్యం ఆ రకంగా మాకు అక్షరాలా పనికొచ్చింది.

ఇక మర సంగతి. నాన్న మా అమ్మాయి చేత ఒక పని చేయించారు. ఇంట్లో టేబుల్ ఫ్యాన్ ముందున్న ప్లాస్టిక్ బిళ్ళ విప్పమన్నారు. తను మామూలుగా ఎడమకి తిప్పింది, ఇంకా బిగుసుకుంది. దానికి ఎదురు మర ఉంటుంది, ఫ్యాన్ తిరిగే కొద్దీ బిగుసుకోవాలని. "మీ రోబో ముందుకీ వెళ్ళాలి, వెనక్కీ రావాలి. అంటే మోటారు రెండు వైపులా తిరుగుతుంది. ఏ మర పెట్టినా ఒక వైపు తిరిగితే బిగుస్తుంది, రెండో వైపు తిరిగితే విప్పుకుంటుంది. మర ఒక్కదాన్నే నమ్ముకోకండి" అన్నారు.

చివరికి ఆయన చెప్పినట్టే చేశారు. ఆకురాయితో షాఫ్ట్‌ని ఒక పక్క కొంచెం చదును చేశారు. దాని మీదికి చిన్న ఇత్తడి గొట్టం. దానికి పక్క నుంచి తల లేని బుల్లి స్క్రూ. ఆ స్క్రూ కొస సరిగ్గా చదును మీద కూర్చుంటుంది, ఇక షాఫ్ట్ ఎటు తిరిగినా జారదు. ప్రొపెల్లర్‌ని ఆ గొట్టానికి ముందే ఎపాక్సీతో అతికించి ఉంచారు. ఈసారి గీకి, తుడిచి.

ఆ ఇత్తడి గొట్టాన్ని ఇంగ్లీషులో కప్లింగ్ అంటున్నారు. నాన్న చూడగానే 'తొడుగు' అన్నారు. తొడిగేది తొడుగు! నేను ఏ నిఘంటువులోనూ వెతకాల్సిన పని లేకపోయింది.

మా అమ్మాయి తిరగరాసుకున్న వాక్యం ఇది: "ప్రొపెల్లర్‌ని ఇత్తడి తొడుగుకి అతికించి, తొడుగుని షాఫ్ట్‌కి తొడిగి, పక్క నుంచి స్క్రూ బిగించాం." మూడు క్రియలూ తనే పెట్టుకుంది. ఆదివారం లోపు ఇందులో ఏమైనా మార్చాలంటే చెప్పండి. ఆ తల లేని స్క్రూకి మీ ఊళ్ళో వర్క్‌షాపు వాళ్ళు ఏదైనా పేరు వాడుతుంటే అది కూడా రాయండి, తను అడుగుతోంది.