ఈ ‘ముఠా’ ఏ ముఠా?

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా చెల్లి బరంపురంలో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తోంది, అంశం పాత గంజాం జిల్లాలో శిస్తు వసూళ్లు. తెలుగు కాగితాల్లో ‘ముఠాదారు’ అని కనపడ్డ చోటల్లా ఇంగ్లీషులో గ్యాంగ్ లీడర్ అని రాసుకుంటూ పోయింది. గైడ్ గారు ఒడియా ఆయన, ఆ మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నాలు చుట్టి పంపారు. ఇప్పుడు దీనికి టెన్షన్. థీసిస్‌లో ఏం రాయాలి?

— మా రాయగడలో ముఠా అంటే బస్తాలు మోసే కళాసీల జట్టు. పార్టీల్లో అయితే ముఠా తగాదాలు. శిస్తుకీ దీనికీ సంబంధం ఏమిటో నాకూ తెలుసుకోవాలనుంది.

— సంబంధం జట్టే. అక్కడ మనుషుల జట్టు, ఇక్కడ ఊళ్ల జట్టు. ఏజెన్సీలో కొన్ని కొండ ఊళ్లు కలిపితే ఒక ముఠా, దాని మీద ముఠాదారు. శిస్తు వసూలు చేసి పైకి కట్టడం, ఊళ్లలో శాంతిభద్రతలు చూడటం ఆయన పని. 1879 రంప పితూరీ (తిరుగుబాటు) లేవదీసింది ఈ ముఠాదార్లే, కాబట్టి గ్యాంగ్ లీడర్ అని రాస్తే అప్పటి పోలీసు రిపోర్టుకి నకలు తీసినట్టుంటుంది! కొంధమాల్ వైపు ఒడియాలోనూ ముఠా అనే అంటారు, గైడ్ గారు పట్టుకున్నది అందుకే అయ్యుంటుంది. ఆంధ్రాలో ఈ పద్ధతిని 1969లో రెగ్యులేషన్ తెచ్చి తీసేశారు.

అయితే అమ్మాయి జాగ్రత్త పడాల్సింది ఇంకోటుంది. శాశ్వత శిస్తు పద్ధతి 1802లో మొదలయ్యాక మైదానంలో హవేలీ భూముల్ని, అంటే జమీందార్ల కింద లేకుండా నేరుగా సర్కారు చేతిలో ఉన్నవాటిని, ముక్కలు చేసి వేలం వేశారు, ఆ ముక్కల్నీ ముఠాలే అన్నారు. పాడుకున్నవాడు డబ్బున్న ఆసామి, కొండదొర కాదు. రెండూ ఒకే అధ్యాయంలో కలిసిపోతే వైవాలో మొదటి ప్రశ్న అదే. నా మాటేమిటంటే అనువాదం జోలికి పోవద్దు, ముఠా అనే ఉంచి మొదటిసారి వచ్చిన చోట ఫుట్‌నోట్‌లో ఏ రకమో చెప్పేయమనండి.

— ఫసలీ సంవత్సరాలు, అంటే శిస్తు లెక్కలకి వాడిన సంవత్సరాలు, కూడా చూసుకోమనండి అన్నా. ఇంగ్లీషు సంవత్సరం కోసం 590 కలిపి వదిలేస్తే చాలదు, ఫసలీ జూలైలో మొదలవుతుంది. ఒడిశా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 ఫసలీ 1345 మధ్యలో పడింది, అంటే ఆ ఏటి కాగితం మీద నెల చూడకుండా మద్రాసుదో ఒడిశాదో చెప్పలేం.

— చెల్లికి చూపించాను. తన దగ్గరున్న కాగితాల్లో కొన్నిటి మీద పేష్కష్ (జమీందార్లు సర్కారుకి కట్టే శిస్తు) అని ఉందట, అవి మైదానంవేనా?

— చాలావరకు అవే. కానీ ఆ ఒక్క మాట చూసి తేల్చేయొద్దు, ఊళ్ల పేర్లు మ్యాపులో పెట్టి చూడమనండి.