రెండింటి మీదా రైజెన్ 5 అనే రాసుంది, ఏది తీసుకోవాలి?

వానకాగితం:

ఇంట్లో రోజువారీ వాడకానికి ల్యాప్‌టాప్ కావాలి. పని ఏమంత పెద్దది కాదు. బ్రౌజర్‌లో ఓ ఇరవై ట్యాబులు, వర్డ్, ఎక్సెల్, రోజుకి గంటో రెండు గంటలో వీడియో కాల్, అప్పుడప్పుడు ఫొటోలు సర్దుకోవడం. ఆటలు, వీడియో ఎడిటింగ్ లేవు. కనీసం ఐదేళ్లు నడవాలి. వెతికి వెతికి మూడింటి దగ్గర ఆగాను.

మొదటిది: రైజెన్ 5 7520యూ ప్రాసెసర్, 8 జీబీ ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 15.6 అంగుళాల స్క్రీన్ (1920×1080, వెలుతురు 250 నిట్స్, రంగులు 45 శాతం ఎన్‌టీఎస్‌సీ), 42 వాట్ అవర్ బ్యాటరీ.

రెండోది: రైజెన్ 5 7530యూ, బోర్డు మీద 8 జీబీ డీడీఆర్4, ఒక ఖాళీ స్లాట్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 14 అంగుళాల స్క్రీన్ (1920×1200, 300 నిట్స్), 56 వాట్ అవర్ బ్యాటరీ.

మూడోది: కంపెనీల్లో వాడి తీసేసిన బిజినెస్ ల్యాప్‌టాప్, రీఫర్బిష్డ్. ఇంటెల్ ఐ5 8365యూ, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. మిగతా రెండింటికంటే బాగా చవక.

మొదటి రెండూ రైజెన్ 5, 7000 సిరీసే కదా. స్క్రీన్ పెద్దది కాబట్టి మొదటిదే మేలనిపిస్తోంది. 7520కీ 7530కీ తేడా పదే కదా, అంత పట్టించుకోవాలా?

మూడోఅంకె:

ఆ పదిలోనే ఉందండీ అసలు సంగతి. ఈ నంబర్లలో మొదటి అంకె 7 అంటే 2023 సంవత్సరపు వరస అని మాత్రమే అర్థం. లోపల ఏ డిజైన్ ఉందో చెప్పేది మూడో అంకె. 7520లో అది 2, అంటే జెన్ 2, 2019లో వచ్చిన డిజైన్. 7530లో అది 3, అంటే జెన్ 3. మొదటిదాంట్లో 4 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). రెండోదాంట్లో 6 కోర్లు, 12 థ్రెడ్లు. పెట్టె మీద రెండింటికీ ఒకటే స్టిక్కరు.

అలాగని 7520యూ పనికిరాదని కాదు, మీరు చెప్పిన పని చేస్తుంది. మొదటిదాన్ని వద్దనడానికి నాకున్న కారణం ర్యామ్. ఆ చిప్ ఎల్‌పీడీడీఆర్5 మాత్రమే తీసుకుంటుంది, అది బోర్డుకే టంకం వేసి వస్తుంది. ఇవాళ 8 జీబీ అయితే ఐదేళ్ల తర్వాతా 8 జీబీయే. అందులోంచి గ్రాఫిక్స్‌కి కొంత ముందే పోతుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ కింద 'హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్' అని కనిపించేది అదే. విండోస్ 11 తన పనులకే మూడు నాలుగు జీబీ వాడేస్తుంది. మిగిలినదాంట్లో ఇరవై ట్యాబులు, వీడియో కాల్ ఇరుక్కోవాలి. చాలనప్పుడు విండోస్ సగం సరుకు ఎస్ఎస్‌డీ మీదకి దించి, కావలసినప్పుడల్లా మళ్లీ పైకెత్తుకుంటుంది. ట్యాబ్ మార్చిన ప్రతిసారీ అరక్షణం అతుక్కుపోయినట్టు ఉండేది అందుకే. తిట్లు మాత్రం ప్రాసెసర్‌కి పడతాయి.

రెండోదాంట్లో ఖాళీ స్లాట్‌లో ఇంకో 8 జీబీ డీడీఆర్4 3200 వేస్తే 16 అవుతుంది, పైగా డ్యూయల్ చానల్‌లో, అంటే రెండు ర్యామ్‌లనూ ఒకేసారి వాడుకుంటూ నడుస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్లలో గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి డ్యూయల్ చానల్ తేడా బాగానే తెలుస్తుంది.

ఇక స్క్రీన్. 15.6లో ఉన్నవి 1920×1080 చుక్కలే. పెద్దది కావడం వల్ల అక్షరాలు పెద్దవవుతాయి తప్ప అదనంగా ఏమీ కనపడదు. 14 అంగుళాలదాంట్లో నిలువునా 120 చుక్కలు ఎక్కువ, ఎక్సెల్‌లో ఐదారు వరసలు. కళ్లకి పెద్ద అక్షరాలే కావాలంటే అది వేరే మాట, అప్పుడు 15.6 న్యాయమే. కానీ 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అన్న మాట చూసి ఆగండి. ఎరుపు ఇటుక రంగులా, మనుషుల ముఖాలు పాలిపోయినట్టు కనిపించే స్క్రీన్ అది. ఫొటోలు సర్దుకుంటానన్నారు కాబట్టి చెబుతున్నాను. ర్యామ్ పెంచుకోవచ్చు, ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చు. స్క్రీన్‌ని మాత్రం ఐదేళ్లూ చూస్తూ కూర్చోవాలి.

స్క్రూడ్రైవర్:

పైన చెప్పినదాంతో గొడవ లేదు గానీ, మూడోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. బిజినెస్ మోడళ్లలో హింజ్, అంటే మూత తిరిగే కీలు, సాధారణంగా లోహపు చట్రానికి బిగించి ఉంటుంది. మామూలు ల్యాప్‌టాప్‌లలో హింజ్ స్క్రూలు ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్లలోకి వెళతాయి. మూతని ఒక మూల పట్టుకుని రోజూ ఎత్తుతుంటే ఆ ప్లాస్టిక్ చిట్లి, నట్టు ఊడివస్తుంది. హింజ్ విరిగిందంటారు గానీ నిజానికి విరిగేది అది కూర్చున్న చోటు. మీరు ఏది కొన్నా మూత మధ్యలో పట్టుకుని తెరవండి.

8365యూతో చిక్కల్లా వయసు. విండోస్ 11ని అధికారికంగా తీసుకునే ఇంటెల్ ప్రాసెసర్లు 8వ తరంతోనే మొదలవుతాయి, అంటే ఇది గీత మీద ఉంది. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది కాబట్టి వెనక్కి వెళ్లే దారి కూడా లేదు. రెండు మూడేళ్లకైతే నిశ్చింతగా తీసుకోమంటాను, ఐదేళ్లకు కాదు.

అయినా అటే మొగ్గితే, డబ్బు కట్టేముందు ఇవి చూడండి. ఆన్ చేస్తూనే బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్‌లలోకి) వెళ్లండి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే అక్కడే వదిలేయండి, అది తీయడం మామూలు పని కాదు. విండోస్‌ని రీసెట్ చేసి, నెట్ కలిపి, మొదటి సెటప్ దాకా తీసుకెళ్లండి. ఏదో సంస్థ పేరుతో లాగిన్ అడిగితే ఆ మెషీన్ ఇంకా పాత కంపెనీ లిస్టులోనే ఉందన్నమాట. విండోస్ ఎన్నిసార్లు కొత్తగా వేసినా ఆ పేజీ తిరిగొస్తూనే ఉంటుంది. స్క్రీన్ 1366×768 కాదని, పక్కనుంచి చూస్తే రంగులు తిరగబడటం లేదని చూసుకోండి. యూఎస్‌బీ-సీ పోర్టులో ఛార్జర్ పెట్టి కొంచెం కదిపి చూడండి. ఛార్జింగ్ వస్తూ పోతూ ఉంటే పోర్టు టంకం వదులైంది. టచ్‌ప్యాడ్ కొంచెం పైకి లేచినట్టున్నా, క్లిక్ పడకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. అలాంటిదాన్ని ఛార్జింగ్‌కి కూడా పెట్టొద్దు, బయటికి తీసేటప్పుడు గుచ్చుకుంటే నిప్పు అంటుకుంటుంది.

రెండోదే కొంటే ర్యామ్ మీరే వేసుకోవచ్చు. అరగంట పని, కాకపోతే వరస తప్పకూడదు:

1. ముందు కింది మూత తెరిస్తే వారంటీ ఏమవుతుందో కాగితం చూసుకోండి. షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ చేయండి, అప్పుడే పూర్తిగా ఆగుతుంది. ఛార్జర్ తీయండి.
2. కింది మూత స్క్రూలకి ఎక్కువగా పీహెచ్0 అనే చిన్న ప్లస్ ఆకారపు స్క్రూడ్రైవర్ బిట్ సరిపోతుంది. తీసిన స్క్రూని తీసిన చోటు గుర్తుండేలా కాగితం మీద పేర్చండి. కొన్ని పొడవుగా ఉంటాయి. పొడవుది పొట్టి రంధ్రంలో బిగిస్తే పైనున్న కీబోర్డు పలకని పొడుచుకొస్తుంది.
3. మూతని పల్చటి ప్లాస్టిక్ కార్డుతో విప్పండి. లోహం వద్దు.
4. దేన్నీ ముట్టుకోకముందే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. దీన్ని మాత్రం మరిచిపోవద్దు.
5. ర్యామ్‌ని గాడి చూసుకుని ఏటవాలుగా, బంగారు రంగు పళ్లు దాదాపు కనపడనంత వరకూ నెట్టి, కిందికి వంచండి. రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనాలి.

కొత్త ర్యామ్‌తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు రెండు మూడు నిమిషాలు నల్ల స్క్రీనే ఉండొచ్చు. బోర్డు ఆ ర్యామ్‌కి తగ్గట్టు సర్దుకుంటోందని అర్థం. అక్కడ భయపడి పవర్ బటన్ నొక్కకండి. ఐదు నిమిషాలైనా రాకపోతే తీసి మళ్లీ పెట్టండి, చాలావరకు సరిగ్గా దిగకపోవడమే కారణం.

వానకాగితం:

ఇద్దరికీ థ్యాంక్స్. రెండోదే ఖాయం. ఇంకో రెండు అనుమానాలు. ఎక్కువ సమయం టేబుల్ మీదే, ఛార్జర్‌కి తగిలించి ఉంటుంది. బ్యాటరీ పాడవుతుందా? దీనికి 65 వాట్ల యూఎస్‌బీ-సీ ఛార్జర్ ఇస్తున్నారు, ఫోన్ ఛార్జర్ కూడా పనిచేస్తుందా?

వాట్‌అవర్:

తగిలించి ఉంచడం తప్పు కాదు, 100 శాతం దగ్గర వేడిగా ఉంచడమే తప్పు. లిథియం సెల్ నిండుగా ఉన్నప్పుడు దాని వోల్టేజీ 4.2 దగ్గర ఉంటుంది. ఆ స్థితిలో లోపలి రసాయనాలు వాడకపోయినా నెమ్మదిగా చెడుతుంటాయి, వేడి తోడైతే ఇంకా త్వరగా. అందుకే దాదాపు అన్ని కంపెనీలూ 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఇస్తాయి. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్, ఆసుస్‌లో మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ కేర్, హెచ్‌పీలో చాలా మోడళ్లకి బయాస్‌లోనే ఉంటుంది. కొన్న రోజే ఆన్ చేసి మరిచిపోండి. బయటికి వెళ్లే రోజు ముందు రాత్రి మాత్రం తీసేస్తే చాలు.

వాట్ అవర్ లెక్క సులువు. మామూలు బ్రౌజింగ్‌కి మెషీన్ 7 వాట్లు తింటే 56 బ్యాటరీ 8 గంటలొస్తుంది. వీడియో కాల్‌లో 14 వాట్లయితే 4 గంటలు. అదే 42 అయితే ఆరు, మూడు. ఇంకోలా చూడండి: 56 బ్యాటరీ నాలుగో వంతు అరిగిపోయాక మిగిలేది, ఆ మొదటి ల్యాప్‌టాప్‌లో కొత్తగా వచ్చేదానితో సమానం.

అరుగుదల చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టండి. ఒక ఫైల్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ రెండూ ఉంటాయి. కొన్న రోజు ఒకటి తీసి దాచుకోండి. కొత్తదాంట్లో రెండో అంకె మొదటిదానికి దగ్గరగా ఉండాలి, పది శాతం తక్కువ కనిపిస్తే అడగాల్సిందే.

ఛార్జర్ సంగతి. యూఎస్‌బీ పవర్ డెలివరీ ఉన్న ఛార్జర్ అయితే ఎక్కువ వాట్లది పెట్టినా నష్టం లేదు, ల్యాప్‌టాప్ తనకి కావలసినంతే అడుగుతుంది. తక్కువది పెడితే మూడు రకాలుగా ఉంటుంది: నెమ్మదిగా ఎక్కుతుంది, లేదా వాడుతుండగా దిగుతూనే ఉంటుంది, లేదా అసలు ఒప్పుకోదు. చాలామంది మరిచేది కేబుల్. 65 వాట్లంటే 20 వోల్టుల దగ్గర 3.25 ఆంపియర్లు. మామూలు యూఎస్‌బీ-సీ కేబుల్ 3 ఆంపియర్ల వరకే, అంటే 60 వాట్లు. విడిగా కేబుల్ కొంటే 5 ఆంపియర్లదో, 100 వాట్లదో అడగండి.

మూడోఅంకె:

నెలకోసారి సున్నాకి దించి 100కి ఎక్కించాలని కొందరంటారు కదా, దాని సంగతి కూడా చెప్పండి.

వాట్‌అవర్:

దానివల్ల బ్యాటరీకి ఆరోగ్యమేమీ రాదు, పైగా అరుగుతుంది. బాగుపడేది శాతం చూపే లెక్క. 20 శాతం ఉందంటూ ఉండగానే టప్పున ఆగిపోతుంటే అప్పుడు ఒకసారి చేయండి.

అన్నట్టు, సంచిలో పెట్టి తీస్తే వేడిగా, బ్యాటరీ సగానికి దిగి ఉందన్న ఫిర్యాదు చాలా కొత్త ల్యాప్‌టాప్‌ల మీద వస్తుంది. కారణం మోడర్న్ స్టాండ్‌బై. మూత మూసినా అది ఫోన్‌లా సగం మెలకువగా ఉండి, మెయిళ్లు, అప్‌డేట్లు చూసుకుంటుంది. సంచిలో గాలి ఆడదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, మూత మూస్తే ఏం చేయాలన్న చోట బ్యాటరీ వరసలో హైబర్నేట్ పెట్టండి. అక్కడ ఆ మాట కనపడకపోతే అదే పేజీలో 'ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగ్‌లు మార్చు' నొక్కి హైబర్నేట్‌కి టిక్ పెట్టాలి. తెరిచినప్పుడు కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

తాళంచెవి:

కొనగానే చేయాల్సిన పని ఒకటి ఇక్కడ ఎవరూ రాయలేదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే చాలా విండోస్ 11 మెషీన్లలో డిస్క్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేనట్టు తాళం పడుతుంది. బయాస్ అప్‌డేట్ అయినా, మదర్‌బోర్డు మార్చినా 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఉంటుంది. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ కూడా మరిచిపోయారంటే ఫైళ్లు ఎవరూ తీసివ్వలేరు. కీని కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా వేరేచోట దాచండి. ఫొటోలున్నాయి కాబట్టి బయటి డిస్క్ మీద ఇంకో కాపీ కూడా. ఎస్ఎస్‌డీలు పోయేటప్పుడు హార్డ్ డిస్క్‌లా టకటకమని చప్పుడు చేసి చెప్పవు.

వానకాగితం:

రాసుకున్నాను. చివరిగా ఒకటి. కీబోర్డు మీద నీళ్లో కాఫీయో ఒలికితే బియ్యంలో పెట్టమంటారు, నిజమేనా?

స్క్రూడ్రైవర్:

బియ్యం వద్దండీ. బోర్డు లోపలి తడిని అది లాగదు, పోర్టుల్లోకి పిండి మాత్రం చేరుతుంది. హెయిర్ డ్రయర్ కూడా వద్దు, నీళ్లని ఇంకా లోపలికి తోస్తుంది.

ఛార్జర్ లాగేయండి. ఫైల్ సేవ్ చేద్దామని ఆగకుండా పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి ఆపండి. వెంటనే తిరగేసి, గుడారంలా నిలబెట్టండి. నష్టం చేసేది నీళ్లకంటే నీళ్లలో పారే కరెంటే, కాబట్టి వీలైతే అదే గంటలో కింది మూత తీసి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. మంచినీళ్లయితే రెండు రోజులు ఆరనిస్తే బతికే అవకాశం ఉంది. పాలు, చక్కెర ఉన్న కాఫీ అయితే ఆరినా ఊరుకోదు, జిగురులా మిగిలి తేమని పట్టుకుని రాగిని తినేస్తుంది. బోర్డుని 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో కడిగించాలి. ఒలికింది ఏమిటో రిపేర్ చేసేవాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పండి, ఎక్కడ వెతకాలో వాళ్లకి తెలుస్తుంది. ఆరిందో లేదో చూద్దామని మధ్యలో ఆన్ చేయొద్దు. తడి బోర్డులో మళ్లీ కరెంటు పారిందంటే అప్పటిదాకా బతికున్న చిప్పులు కూడా పోతాయి.